ఫోన్ వచ్చిందని కారు సిస్టమ్ దండగ కాదు
ఫోన్‌లోని మ్యాపు, పాటలు కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే వచ్చాక కారులో కంపెనీ ఇచ్చే సిస్టమ్ దండగ అన్న మాట నేను ఒప్పుకోను. విజయవాడ, గుంటూరు మధ్య రోజూ తిరిగే నాకు రెండూ కావాలి. దారి చూపడానికి ఫోనే నయం, అందులో అనుమానం లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఎంత ఉందో అప్పటికప్పుడు చెప్పేది అదే. కానీ మా వైపు మే నెల ఎండల సంగతి తెలిసిందేగా! ఫోన్‌ని కారుకి వైర్‌లెస్‌లో కలిపితే వైఫై, జీపీఎస్ ఆగకుండా నడుస్తాయి, పైగా కింద వైర్‌లెస్ ఛార్జింగ్. కాజా టోల్‌ప్లాజా వచ్చేసరికి ఫోన్ పెనంలా కాలుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, ఒక్కోసారి మ్యాపూ పోతుంది. అందుకే వేసవిలో కేబులే పెడతాను, ఫోన్‌ని ఏసీ గాలి తగిలేచోట ఉంచుతాను. ఫోన్ పక్కన పెట్టినా రేడియో, రివర్స్ కెమెరా, టైర్లలో గాలి ఎంతుందో చూపడం, ఇవన్నీ కారు సిస్టమ్ చేసి పెడుతుంది. అలాగని ఫోన్‌ని గెంటేయడమూ తప్పే. జనరల్ మోటార్స్ 2023లో తన కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఇవ్వనని ప్రకటించింది, అది నాకు నచ్చలేదు. నాకు అసలు కోపం ఏసీ బటన్లు తీసేసి తెరలో దాచడం మీద. వారధి మీద లారీల మధ్య పోతూ, మ్యాప్ వదిలి ఫ్యాన్ స్పీడ్ ఎక్కడుందో వెతుక్కోవడం ప్రమాదం కాదా?