కెమెరాల అప్పు మెసేజ్ పంపుతున్నవాళ్లకి

కాలేజీ గ్రూపులో అదే, అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, చివరికి మేనకోడలి పెళ్లి పనుల కోసం పెట్టుకున్న గ్రూపులోనూ అదే మెసేజ్. సారాంశం ఇది: "చిన్న చిన్న దేశాలు 2 శాతం వడ్డీకి విదేశీ అప్పు తెచ్చి ఊరంతా సీసీ కెమెరాలు పెట్టించాయి. నేరాలు సగానికి పడిపోయాయి. జనం మీద పైసా భారం లేదు. మన వైజాగ్‌లో కెమెరాలే లేవు, మనమూ అలాంటి అప్పు తెచ్చుకోవాలి. తప్పు చేయనివాడికి కెమెరా అంటే భయమెందుకు?" పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

వైజాగ్‌లో కెమెరాలు లేవట. జగదాంబ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో మనది ఒకటి. కెమెరాలూ ఉన్నాయి, వాటిని చూసే కంట్రోల్ రూమూ ఉంది.

ఇక అప్పు తెచ్చుకోవడం. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ సంగతి అటుంచండి, రాష్ట్ర ప్రభుత్వమే విదేశాల దగ్గర నేరుగా అప్పు చేయలేదు. కేంద్ర ప్రభుత్వం తెచ్చి రాష్ట్రానికి ఇవ్వాలి, మారకం రేటులో వచ్చే నష్టం రాష్ట్రం మోయాలి.

నేరాలు సగానికి పడిపోయాయన్న మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. కెన్యాలో 2014 తర్వాత నైరోబీలో 1,800 కెమెరాలు పెట్టారు. ఆ ప్రాంతాల్లో ఏడాదిలోనే నేరాలు 46 శాతం తగ్గాయని చెప్పింది ఎవరు? వాటిని అమ్మిన చైనా కంపెనీ హువావే. కెన్యా పోలీసుల లెక్కల్లో తగ్గుదల అంతకంటే చాలా తక్కువ, పైగా 2017లో నేరాలు మళ్లీ పెరిగాయి. సరుకు అమ్మినవాడి ప్రచారాన్ని మనం రుజువుగా పంచుకుంటున్నాం.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. కెమెరాలు అసలు పనికిరావని నేను అనను. నలభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో, కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గినట్టు తేలింది. పార్కింగ్ స్థలాల్లో ఇంకా ఎక్కువ. కాబట్టి రైల్వే స్టేషన్ దగ్గరో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో బండి పోగొట్టుకున్నవాళ్లు కెమెరా కావాలని అడిగితే అందులో న్యాయం ఉంది. కానీ అదే సమీక్షలో హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. మెసేజ్‌లో ఆ ముక్క లేదు.

నాకు ఒళ్లు మండేది "పైసా భారం లేదు" దగ్గర. ఇలాంటి ప్రాజెక్టులకు ఎక్కువగా అప్పిచ్చింది చైనా ఎగ్జిమ్ బ్యాంకు, అంటే ఎగుమతి దిగుమతులకు అప్పిచ్చే ఆ దేశ ప్రభుత్వ బ్యాంకు. దాని రాయితీ అప్పుకి వడ్డీ సాధారణంగా 2 శాతం, గడువు 20 ఏళ్ల దాకా. వినడానికి బాగుంది. కానీ కాంట్రాక్టరు చైనా కంపెనీ అయి ఉండాలి, కనీసం సగం సరుకు చైనాలోనే కొనాలి. ఇది చైనా ఒక్కదాని బుద్ధి కూడా కాదు. మన ఎగ్జిమ్ బ్యాంకు ఇతర దేశాలకిచ్చే అప్పుల్లోనూ మామూలుగా 75 శాతం సరుకు మన దేశంలోనే కొనాలన్న షరతు ఉంటుంది. పోటీ లేనప్పుడు ధర ఎవరి ఇష్టం? పాకిస్తాన్‌లో ఇస్లామాబాద్ సేఫ్ సిటీ అనే నిఘా కెమెరాల ప్రాజెక్టుకి దాదాపు 12.5 కోట్ల డాలర్ల చైనా అప్పు. టెండరు లేకుండా ఇచ్చిన ఆ కాంట్రాక్టును పాకిస్తాన్ సుప్రీంకోర్టు 2012లో కొట్టేసింది. మళ్లీ బేరమాడి 2016లో ప్రారంభించారు. రెండేళ్లు తిరిగేసరికి సగం కెమెరాలు సరిగ్గా పనిచేయడం లేదని బయటపడింది.

ఎండకీ వానకీ నిలబడే కెమెరా ఎన్నాళ్లుంటుంది? ఐదారేళ్లు, మహా అయితే ఏడు. మన బీచ్ రోడ్డులో స్తంభాల అడుగున బోల్టులు చూడండి, ఉప్పుగాలికి తుప్పు పొరలు పొరలుగా రాలుతుంటుంది. కెమెరా డోము మీద ఉప్పు పేరుకుంటే, రాత్రిపూట బండి లైటు పడగానే బొమ్మంతా తెల్లబారి నంబరు ప్లేటు కనిపించదు. దాన్ని తుడవడానికి నిచ్చెన బండి, మనిషి, ఏటేటా నిర్వహణ కాంట్రాక్టు (ఏఎంసీ) డబ్బు కావాలి. అంటే ఏడేళ్లకి తీసి పారేసే వస్తువుకి ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టాలి. అదీ డాలర్లలో. 2011 మధ్యలో 45 రూపాయల దగ్గరున్న డాలరు 2025లో 85 దాటింది. వడ్డీ 2 శాతమేనని మురిసిపోయేవాళ్లు ఈ లెక్క ఎందుకు వేయరు? జాంబియా 21 కోట్ల డాలర్ల సేఫ్ సిటీ సహా అలాంటి అప్పులు ఎన్నో చేసి, 2020 నవంబరులో విదేశీ బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది.

విదేశీ అప్పు అంటేనే నాకు గిట్టదనుకోకండి. హుద్‌హుద్ తుఫాను తర్వాత 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లు ఇచ్చింది. మన ఊళ్లో కరెంటు తీగలు భూమిలోకి వెళ్లింది ఆ ప్రాజెక్టు కిందే. వాయిదాలు తీరేదాకా పనిచేసే వస్తువు కోసం చేసిన అప్పు అది.

ఇక తప్పు చేయనివాడికి భయమెందుకన్న ప్రశ్న. ఈక్వెడార్ 2011 నుంచి చైనా అప్పుతో ఈసీయూ-911 అనే అత్యవసర సేవల వ్యవస్థ పేరిట 4,000కు పైగా కెమెరాలు పెట్టింది. ఆ దృశ్యాలు పోలీసులతో పాటు, ప్రతిపక్షాల మీద నిఘా పెడుతుందన్న ఆరోపణలున్న గూఢచారి సంస్థకీ వెళ్లాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఉగాండాలో 12.6 కోట్ల డాలర్ల కెమెరాలను హత్యలు ఆపడానికని కొన్నారు. 2020 నవంబరులో ప్రతిపక్ష నేత బాబీ వైన్ అరెస్టుకి నిరసనగా వీధికెక్కినవాళ్లను ఆ కెమెరాలతోనే గుర్తించి పట్టుకున్నామని పోలీసులే చెప్పారు.

మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తనకు కావలసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రం చేతికే ఇచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ అమ్మొద్దని 2021 నుంచి కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్న కార్మికులు ఏ తప్పు చేశారు? వాళ్లలో మన గ్రూపుల్లోనివాళ్లూ ఉన్నారు. వాళ్ల ముఖాలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాచుకుంటారు, ఎవరికిస్తారు? ఈ మెసేజ్ మళ్లీ పంపేవాళ్లు ముందు వాళ్లకి ఆ జవాబు చెప్పి పంపండి.