నడవమంటారు సరే, గట్టేది?

మా మేనత్తకు పోయినేడాది గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. వాళ్లది భీమవరం దగ్గర పల్లెటూరు. డిశ్చార్జి రోజున డాక్టర్ మందుల చీటీ చేతికిచ్చి, రోజూ నలభై నిమిషాలు నడవాలని మరీ మరీ చెప్పాడు. నెల తర్వాత వెళ్లినప్పుడు ‘‘నడుస్తున్నావా అత్తా?’’ అని అడిగాను. ‘‘ఎక్కడ నడవమంటావురా? రోడ్డెక్కితే రొయ్యల లారీలు, కాలవ గట్టెక్కితే ముళ్లకంపలు’’ అంది. నా దగ్గర జవాబు లేదు. డెల్టాలో గుండె జబ్బుల గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ల దగ్గర కూడా లేదు.

వ్యాయామం గుండెకు మంచిదని కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట వాట్సాప్‌లో అందరికీ చేరింది. అయినా లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. గుండె కూడా కండే, పని చెబితే బలపడుతుంది. కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తాన్ని తోయగలుగుతుంది కాబట్టి, ఊరికే కూర్చున్నప్పుడు తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. నిమిషానికి 80 సార్లు కొట్టుకునే గుండె 70కి దిగితే రోజుకు 14,400 సార్ల శ్రమ తప్పినట్టే. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది, నాళాలు సడలుతాయి, బీపీ దిగుతుంది. కాళ్ల కండలు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. జబ్బు వచ్చాక కూడా ఆలస్యమైపోయినట్టు కాదు. పద్ధతి ప్రకారం వ్యాయామం చేసిన హృద్రోగుల్లో గుండె జబ్బు మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది.

ఈ విషయంలో నన్ను కదిలించింది మాత్రం 1953లో వచ్చిన ఒక అధ్యయనం. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని జెరెమీ మోరిస్ అనే వైద్యుడు పరిశీలించాడు. ఒకే బస్సు, ఒకే సంస్థ. డ్రైవర్ రోజంతా సీట్లో కూర్చుంటాడు, కండక్టర్ టిక్కెట్ల కోసం కింది నుంచి పైకి వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెపోట్లు డ్రైవర్లలోనే ఎక్కువ. కండక్టర్లు ఎవరూ జిమ్‌కు పోలేదు, ట్రాక్ సూటు కొనలేదు. వాళ్ల ఉద్యోగంలోనే మెట్లున్నాయి, అంతే. ఆరోగ్యం మనిషి పట్టుదలలో కంటే అతని చుట్టూ ఉన్న ఏర్పాటులో ఎక్కువగా ఉందని నాకు అక్కడే అర్థమైంది.

ఆ లెక్కన మన తాతలు కండక్టర్లు. పొద్దున్నే పొలం గట్ల మీద మైళ్లు తిరిగేవారు, నాట్ల దగ్గర్నుంచి కుప్ప నూర్చేదాకా ఒళ్లు వంచేవారు. మనం డ్రైవర్లమయ్యాం. వరి కోతకు మిషన్ వచ్చింది, చేలు చెరువులయ్యాయి, చెరువు చుట్టూ మేత చూసుకోవడానికి కూడా బండి మీదే పోతున్నాం. తిండి మాత్రం తాతల నాటిదే. గుండె జబ్బు పట్నం వాళ్ల జబ్బన్న భ్రమ ఇంకా ఎవరికైనా ఉంటే ఒక్క మాట. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో మరణాల కారణాలు నమోదు చేసినప్పుడు గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో నిలిచాయి. దాదాపు మూడో వంతు మరణాలు వాటివల్లే. ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది!

‘మనసుంటే మార్గముంటుంది, ఇంట్లోనే నడవొచ్చుగా’ అంటారు కొందరు. మా అత్త అదే చేస్తోంది. గుప్పిట్లో ఇరవై చింతగింజలు పట్టుకుని తులసికోట చుట్టూ తిరుగుతుంది, చుట్టుకో గింజ అరుగు మీద పెడుతుంది. ఏమీ చేయనిదాని కంటే మేలే, కాదనను. కానీ పది అడుగులకోసారి మలుపు తిరిగే నడకలో వేగం అందుకోదు, నాడి పెరగదు. గింజలు అయిపోతాయి గానీ ఆవిడకు చెమట పట్టదు.

1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించాడు కాటన్ దొర. అక్కడి నుంచి డెల్టా అంతా కాలవలు పారాయి. వాటి మీద పడవలు తిరిగేవి. గాలి లేనప్పుడు పడవవాళ్లు తాడు భుజానేసుకుని గట్టు వెంట నడుస్తూ లాగేవారు. అంటే ఊరూరా ఎత్తుపల్లాలు లేని, నీటి పక్క నుంచి పోయే నడకదారి మనకు తాతలనాడే ఉంది. ఇప్పుడు ఆ గట్టు మీద ఏముంది? పూడిక తీసి పోసిన మట్టి గుట్టలు, తుమ్మకంప, పగిలిన సీసాలు, కోడి వ్యర్థాల బస్తాలు. పక్కన నీరు కనపడకుండా గుర్రపుడెక్క. గట్టున పాకలేసుకున్న పేదలను తోసేయమని నేననడం లేదు, వాళ్లకూ గుండెలున్నాయి, వాళ్లకూ దారి కావాలి.

అందరికంటే ఎక్కువ నష్టపోతున్నది ఆడవాళ్లు. మగవాళ్లకు హైస్కూలు గ్రౌండుంది, బండేసుకుని పక్క టౌనుకైనా పోతారు. యాభై దాటిన ఆడమనిషి తెల్లవారుజామున ఐదింటికి, వంటకు ముందు దొరికే ఆ కాస్త సమయంలో, దీపం లేని రోడ్డు మీద ఒంటరిగా నడవాలంటే టెన్షన్. మెనోపాజ్ దాటాక గుండె ముప్పు పెరిగే వయసు సరిగ్గా అదే. నడక దారి లేకపోవడం నా దృష్టిలో మందు దొరకకపోవడంతో సమానం. పైగా ఈ మందుకు ఆరోగ్యశ్రీ కార్డు కూడా అక్కర్లేదు.

వేసవిలో ఎలాగూ కాలవలు కట్టేస్తారు, పొక్లెయిన్లు ఎలాగూ గట్టెక్కుతాయి. తీసిన మట్టిని గుట్టలుగా వదిలేయకుండా సర్దించి, రోలర్ తిప్పించి, లాకుల దగ్గర్నుంచి ఊరి వంతెన దాకా దీపాలు పెట్టించమని ఈసారి గ్రామసభలో ఆడవాళ్లే లేచి అడగాలి. మా అత్త ఊళ్లో ఆ దూరం కిలోమీటరున్నర. పోయి రావడానికి ఆవిడకు నలభై నిమిషాలు పడుతుంది.