"ఏం మందు కనిపెట్టారండీ?"

సంఘం సభల్లో డాక్టరుగారిని పరిచయం చేయడం తేలిక. ఏ స్పెషాలిటీయో చెబితే అందరికీ అర్థమైపోతుంది. ల్యాబులో ఏళ్ల తరబడి జీన్ థెరపీ మీద, అంటే కణాల్లోకి జన్యువును పంపి జబ్బు నయం చేసే చికిత్స మీద పనిచేస్తున్న మనిషి ఎదురైతే మాత్రం వచ్చే ప్రశ్న ఒకటే: "మీరు ఏం మందు కనిపెట్టారండీ?" చాలామంది నీళ్లు నములుతారు. వాళ్లు ఇన్నాళ్లూ తేల్చుకుంటున్నది, పంపిన జన్యువు కణంలో చేరాల్సిన చోటికి ఎందుకు చేరడం లేదన్న సంగతి. ఆ ప్రశ్నతో కొలిస్తే ఈ రంగంలో మంచి మంచి పరిశోధకులు కూడా వట్టి చేతులతో నిలబడ్డట్టే కనిపిస్తారు. నాకు అభ్యంతరం ఆ కొలబద్ద మీదే.

ఇవాళ జన్యువులను మోసుకెళ్లడానికి విరివిగా వాడుతున్న అడినో-అసోసియేటెడ్ వైరస్ సంగతే చూడండి. ల్యాబుల్లో ఏఏవీ అంటారు. 1965లో అడినోవైరస్ నమూనాల్లో కలిసివచ్చిన కల్తీగా అది బయటపడింది. తనంతట తాను పెరగలేదు, మనుషులకు ఏ జబ్బూ తెస్తున్నట్టు తేలలేదు. అలాంటి వైరస్ మీద పనిచేస్తాం, గ్రాంటు ఇవ్వండి అని అడగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి! అయినా కొందరు దాన్ని వదల్లేదు. దాంతో వేరే జన్యువును కణంలోకి పంపవచ్చని చూపించేసరికి 1984 వచ్చింది. కణంలోకి వెళ్లడానికి దానికి కావాల్సిన ముఖ్యమైన రిసెప్టర్, అంటే కణం తలుపులాంటి ప్రొటీన్, ఏదో తెలిసింది 2016లో. అప్పటికే ఏఏవీతో చేసిన గ్లైబెరా అనే మందుకు యూరప్‌లో అనుమతి వచ్చి మూడేళ్లు దాటింది. మందు ముందొచ్చింది, అది ఏ దారిన లోపలికి పోతుందో తర్వాత తెలిసింది!

లోపలికి పోయినంత మాత్రాన పని అయిపోదు. లోపలికి తెచ్చిన ఎండోజోమ్ అనే సంచి నుంచి తప్పించుకోవాలి, ప్రొటీన్లను నరికే ప్రొటియసోమ్ దాన్ని ముక్కలు చేయకుండా బతకాలి, కేంద్రకానికి చేరాలి, అక్కడ ఒంటిపోగు డీఎన్ఏ జంటపోగు కావాలి. ఇందులో ఏ ఒక్క మెట్టు తీసుకున్నా ఒక మనిషి ఉద్యోగ జీవితమంతటికీ సరిపోతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో అరుణ్ శ్రీవాస్తవ బృందం పట్టుకున్నది ఇలాంటి మెట్టునే. వైరస్ ప్రొటీన్ తొడుగులోని టైరోసిన్లు అనే అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేటు చేరడమే దాన్ని ప్రొటియసోమ్‌కు పట్టిస్తోందని వాళ్లు గమనించారు. ఆ టైరోసిన్లను మార్చిన వైరస్ ఎలుకల్లో తక్కువ మోతాదుతోనే బాగా పనిచేసిందని 2008లో ప్రచురించారు. మోతాదు తగ్గడం చిన్న విషయం కాదు. ఏఏవీ భారీ మోతాదుల్లో ఇచ్చిన కొన్ని ట్రయల్స్‌లో రోగుల ప్రాణాలు పోయాయి.

అపజయాల మాటకొస్తే అందరూ 1999లో జన్యువును మోసే అడినోవైరస్ ఇచ్చిన నాలుగు రోజులకు చనిపోయిన పద్దెనిమిదేళ్ల జెస్సీ గెల్సింగర్‌ను తలుచుకుంటారు. నేను పారిస్‌నూ తలుచుకుంటాను. అక్కడ అలాన్ ఫిషర్, మరీనా కవాజానా బృందం రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పసివాళ్లకు జన్యువును అందించింది. చాలామంది కోలుకున్నారు, కానీ నలుగురికి లుకేమియా అనే రక్తకాన్సర్ వచ్చింది, వారిలో ఒకరు దక్కలేదు. ఆ బృందం మొదటి కేసులు రాగానే ట్రయల్ ఆపింది. జన్యువును మోసుకెళ్లిన రెట్రోవైరస్ క్రోమోజోములో ఎల్ఎంఓ2 అనే జన్యువు పక్కన దూరి దాన్ని రెచ్చగొట్టిందని వెతికి పట్టుకుని, లోకానికి చెప్పింది. తర్వాత వచ్చిన సురక్షితమైన వాహకాలకు ఆ పేపర్లే ఆధారం. నన్నడిగితే, మొదటి విజయాన్ని ప్రకటించిన పేపరు కన్నా ఇవే గొప్పవి.

మంచి కబుర్లు అందరికీ తెలిసినవే కాబట్టి ఒక్కటి చాలు. పుట్టాక మన రక్తంలో పిండదశ హిమోగ్లోబిన్ ఎందుకు ఆగిపోతుందని విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ వెతికారు. బీసీఎల్11ఏ అనే జన్యువు దాన్ని అణచి ఉంచుతోందని 2008లో తేల్చారు. జన్యువులను కోసి మార్చే క్రిస్పర్ కత్తెర అప్పటికి చేతికి రానేలేదు. హిమోగ్లోబిన్ లోపంతో వచ్చే సికిల్ సెల్ జబ్బుకు 2023లో అనుమతి పొందిన క్యాస్జెవీ అనే క్రిస్పర్ చికిత్స చేసేది ఆ అణచివేతను తొలగించి, పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా చూడడమే.

జబ్బుపడ్డ బిడ్డ తల్లిదండ్రులు "మందెప్పుడు వస్తుంది" అని ఎన్నిసార్లు అడిగినా తప్పులేదు. నా గొడవ మిగతా మనతో.

ఏఏవీ ఒకసారి ఇచ్చాక ఒంట్లో యాంటీబాడీలు తయారై రెండో మోతాదును పనిచేయనివ్వవు. పసిపిల్లల కాలేయం పెరుగుతూ కణాలు విభజన చెందేకొద్దీ, క్రోమోజోములో కలవని, ఏఏవీ తెచ్చిన జన్యువు పలచబడిపోతుంది. చిన్నప్పుడే ఇస్తే ఫలితం తరిగిపోవచ్చు, ఆగితే జబ్బు ముదరవచ్చు. ఈ ముడి విప్పలేక కుస్తీ పడుతున్నవాళ్లు మనలోనూ ఉండే ఉంటారు. వచ్చే సభకు వాళ్లను పిలిచి, ఇంకా ఏది పనిచేయడం లేదో అరగంట చెప్పమనండి. ప్రశ్నలకు ఇంకో అరగంట వదలండి. సన్మానం సంగతి తర్వాత చూసుకోవచ్చు.