పాత రీలులో ఇరుక్కుపోయిన ఆఫ్రికా

రాజమౌళి, మహేశ్‌బాబు సినిమా యూనిట్ 2025లో కెన్యా వెళ్లి షూటింగ్ చేసుకుని వచ్చాక మన దగ్గర సఫారీ కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. వాటితో పాటే పాత జ్ఞాపకాలూ బయటికొచ్చాయి. టోపీ పెట్టుకున్న దొర, భుజాన తుపాకీ, వెనక నెత్తిన పెట్టెలు మోస్తూ మోతగాళ్ల వరస, ఎక్కడో డప్పుల మోత. మార్నింగ్ షోలో టార్జాన్ చూసి పెరిగిన నాలాంటి వాళ్లకు ఈ దృశ్యం కంఠతా వచ్చు. అవి చవక సినిమాలు, పిల్లలు చూసే సినిమాలు, వాటి మీద ఇప్పుడు చర్చ ఎందుకు అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చవకగా తీశారు కాబట్టే వాటి గురించి మాట్లాడాలి. అంత చవకగా తీయడం ఎలా కుదిరిందో తెలిస్తే వలస పాలన బుర్ర ఎలా పనిచేసిందో తెలుస్తుంది.

వీటిలో ఎక్కువ భాగం ఆఫ్రికా మట్టి తొక్కని సినిమాలు. హాలీవుడ్‌లో కొలంబియా కంపెనీకి శామ్ కాట్జ్‌మన్ అనే నిర్మాత ఉండేవాడు. అడవి సినిమాలు తీసి తీసి ‘జంగిల్ శామ్’ అన్న పేరు తెచ్చుకున్నాడు. టార్జాన్ వేషం వదిలేసిన జానీ వైస్‌ముల్లర్‌ను పెట్టి 1948 నుంచి 1955 దాకా ‘జంగిల్ జిమ్’ వరసలో 16 సినిమాలు దించాడు. అదే కాలంలో మోనోగ్రామ్ కంపెనీ ‘బాంబా’ పేరుతో 12 సినిమాలు వదిలింది. అడవి అంటే కాలిఫోర్నియా కొండలు, తోటలే. మరి సింహాలు, ఏనుగుల మందలు, మొసళ్లు ఎక్కడివి? ఎవరో ఎప్పుడో తీసి పెట్టిన రీళ్ల నుంచి తెచ్చినవి. హీరో ఎడమవైపు చూస్తాడు. ఎడిటర్ అక్కడ కత్తెర వేసి ఇరవై ఏళ్ల కిందటి ఏనుగుల మందను అతికిస్తాడు. హీరో తల తిప్పుతాడు, ఇంకో ముక్క. బాంబా సినిమాల్లో కనిపించే జంతువుల్లో చాలా వరకు 1930లో వచ్చిన ఒక యాత్రా చిత్రం నుంచి తీసుకున్నవే.

అసలు సంగతి ఇక్కడే ఉంది. 1990ల నాటి అబిడ్స్ రోడ్డును ఇవాళ్టి కథలో అతికించి చూడండి. స్కూటర్లు, సైన్‌బోర్డులు, జనం బట్టలు చూసి ప్రేక్షకుడు క్షణంలో పట్టేస్తాడు. 1930 నాటి న్యూయార్క్ వీధిని 1955 కథలో వాడే ధైర్యం హాలీవుడ్‌లో ఏ నిర్మాతకూ లేదు. ఆఫ్రికా ముక్కను మాత్రం పాతికేళ్ల తర్వాత కూడా నిశ్చింతగా వాడారు, ఎవరూ అడగలేదు. ఎందుకంటే తీసినవాడి మనసులోనూ, చూసినవాడి మనసులోనూ ఒకే నమ్మకం ఉంది. ఆఫ్రికాలో ఏదీ మారదు, అక్కడ కాలం నడవదు, నిన్న ఎలా ఉందో వెయ్యేళ్ల కిందటా అలాగే ఉంది, రేపూ అలాగే ఉంటుంది. స్టాక్ ఫుటేజ్, అంటే ఇలా దాచిపెట్టిన పాత రీలు ముక్కల వ్యాపారం మొత్తం ఈ నమ్మకం మీదే నిలబడింది. ‘వాళ్లకు చరిత్ర లేదు, మేమే తీసుకెళ్లాలి’ అని వలస పాలకులు పుస్తకాల్లో రాసుకున్న మాటా ఇదే. ఆ మాటను సినిమావాళ్లు ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా మార్చుకున్నారు. చాలామంది ముందు బడ్జెట్ లేదు కాబట్టి పాత రీలు వాడారు అనుకుంటారు. నేను తిరగేసి చెబుతాను. ఆ నమ్మకం ముందు ఉంది కాబట్టే ఆ బడ్జెట్‌లో సినిమా తీయగలిగారు.

ప్రాంతం విషయంలోనూ ఇదే తీరు. జంగిల్ జిమ్ మొదట పత్రికలో వచ్చిన బొమ్మల కథ, అది జరిగేది ఆగ్నేయాసియాలో. సినిమాకు వచ్చేసరికి ఆ అడవి ఆఫ్రికాకు జరిగిపోయింది. పెద్ద కంపెనీలు కూడా తక్కువ తినలేదు. 1932 టార్జాన్‌లో ఎంజీఎం వాడినవి ఆసియా ఏనుగులు, వాటి చెవులకు పెద్ద చెవులు అతికించి ఆఫ్రికా ఏనుగులని చూపించింది. జంగిల్ జిమ్ మొదటి సినిమా తీసిన దర్శకుడు విలియం బెర్కే 1952లో సేలం మోడరన్ థియేటర్స్‌తో కలిసి మన దేశంలోనే ఒక అడవి సినిమా తీశాడు. అందులో మన ఏనుగులకు బొచ్చు అతికించి, ఎప్పుడో అంతరించిపోయిన మామత్‌లను చేశారు. ఆఫ్రికా అయినా ఇండియా అయినా వాళ్లకు ఒకే అడవి. పేరు మార్చుకుంటే చాలు.

ఇదంతా సరదా మోసంగానే మిగిలిపోయి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. ఒక్క ఉదాహరణ చాలు. 1950లో ఎంజీఎం ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ను ఆఫ్రికాకు వెళ్లి, బాగా ఖర్చు పెట్టి తీసింది. అప్పట్లో బెల్జియం చేతిలో ఉన్న రువాండా ప్రాంతంలో టుట్సీ అనే జాతివాళ్ల నాట్యం కూడా చిత్రించింది. అక్కడి నుంచి ఆ ఫుటేజ్ కంపెనీకి కామధేనువైంది. 1959లో అదే ముక్కలను అతికించి ‘వటూసి’ అనే చవక సినిమా వదిలారు. వటూసి అంటే టుట్సీలే. 1959లో రువాండాలో ఏం జరిగింది? జూలైలో టుట్సీ రాజు ముతారా చనిపోయాడు. నవంబరులో టుట్సీల ఇళ్లు తగలబడ్డాయి, వేలాదిమంది పొరుగు దేశాలకు పరుగెత్తారు. తర్వాత రువాండా అధ్యక్షుడైన పాల్ కగామే అప్పుడు రెండేళ్ల పిల్లవాడు, వాళ్ల కుటుంబమూ ఇల్లు వదిలి చివరికి ఉగాండా చేరింది. ఆ జనం పేరే టైటిల్‌గా పెట్టుకున్న సినిమాలో ఆ జనం అప్పటి బతుకు ఒక్క ఫ్రేము లేదు. పాత నాట్యం ఉంది. అదే ఫుటేజ్‌ను 1973లో ‘ట్రేడర్ హార్న్’ రీమేక్‌లోనూ మళ్లీ వాడారు. అప్పటికి ఇరవై మూడేళ్లు గడిచాయి. ఒక్క 1960లోనే 17 ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి. రీలు మాత్రం కదల్లేదు.

కెన్యాదీ ఇదే కథ. జంగిల్ జిమ్, బాంబా సిరీస్‌లు రెండూ ఆగింది 1955లో. ఆ ఏడాది కెన్యాలో ఎమర్జెన్సీ నడుస్తోంది. తన పాలన మీద లేచిన మావ్ మావ్ తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం కికూయు తెగవాళ్లను వేలాదిమందిని ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టింది. 1957 ఫిబ్రవరి 18న తిరుగుబాటు నాయకుడు దేదాన్ కిమాథిని ఉరి తీసింది. ఆ శిబిరాల్లో చిత్రహింసలు నిజమేనని బ్రిటన్ ఒప్పుకుని 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది ఎప్పుడో తెలుసా, 2013లో. అంతకాలం ఆలస్యం కావడానికి సినిమాలు ఒక్కటే కారణం అనను. కానీ ఆఫ్రికా అంటే డప్పులు, మొసళ్లు అని రెండు తరాల ప్రేక్షకులకు నూరిపోస్తే, ముళ్లకంచె వార్త వచ్చినప్పుడు వాళ్లకు ఆ మనుషులు మనుషుల్లా ఎలా కనిపిస్తారు?

అవతలి వాదన ఉంది, అది చెప్పాలి. ఇవి పొట్టకూటికి తీసిన మ్యాట్నీ బొమ్మలు, వాటిలో దురుద్దేశం వెతకడం అన్యాయం అంటారు. నల్లజాతి నటులకు పని దొరికిందనీ అంటారు. నిజమే, దొరికింది. వుడీ స్ట్రోడ్ సంగతే చూడండి. 1946లో అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో వర్ణ నిషేధాన్ని బద్దలు కొట్టిన ఇద్దరిలో ఆయన ఒకడు. 1951లో బాంబా సినిమాలో ఆయనకు దొరికింది ఒక తెగ మనిషి వేషం. అంతటి మనిషికి ఆ పాటి పనే దొరికిందంటే అది ఆ సినిమాలకు సమర్థన ఎలా అవుతుంది?

ఇప్పుడు నాకు బాగా కావలసిన చోటికి వస్తాను. ‘సఫారీ’ స్వాహిలీ మాట. దాని మూలం అరబ్బీ ‘సఫర్’, హైదరాబాదులో అందరికీ తెలిసిన మాటే. సఫర్ అంటే ప్రయాణం. ప్రయాణంలో ఎవరు నడిచారు, ఎవరు మోశారు అన్నది మాత్రం ఈ సినిమాలు ఏనాడూ అడగలేదు. వాటిలో ‘బ్వానా’ అన్న పిలుపు పదేపదే వినిపిస్తుంది. మన మాటలో అది ‘దొర’. మోతగాడు లోయలో జారిపడితే దొర ముందు పెట్టెలో ఏముందో చూస్తాడు. మోతగాడికి ఒక్క పేరు కూడా ఉండదు.

ఆ పిలుపునే పేరులో పెట్టుకున్న చవక సినిమా ఒకటి చరిత్రలో నిలిచిపోయింది. 1952 నవంబరులో వచ్చిన ‘బ్వానా డెవిల్’. అమెరికాలో రంగుల్లో వచ్చిన తొలి పూర్తి నిడివి త్రీడీ సినిమా అదే. హాలు నిండా జనం అట్ట కళ్లజోళ్లు పెట్టుకుని కూర్చున్న ఫొటోను మీరూ ఎక్కడో చూసే ఉంటారు. అది ఈ సినిమా తొలి ఆటప్పటిదే. కథ 1898లో కెన్యాలోని సావో దగ్గర రైలు పనివాళ్లను తిన్న రెండు సింహాలది. సింహం ప్రేక్షకుల ఒళ్లోకి దూకుతుందని ప్రచారం చేశారు. ఆ సింహాలు ఎవరిని తిన్నాయో జనానికి పట్టలేదు.

వాళ్లు మన దేశపు కూలీలు. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా ఉగాండా రైల్వే వేయడానికి దాదాపు 32 వేల మందిని, ఎక్కువగా పంజాబు నుంచి, ఒప్పందం మీద తీసుకెళ్లారు. ఆ పనిలో చనిపోయినవాళ్లు 2,493 మంది. సింహాలను చంపిన రైల్వే ఇంజనీరు ప్యాటర్సన్ 1907లో పుస్తకం రాస్తూ 28 మంది భారతీయ కూలీలని లెక్క చెప్పాడు. ఆఫ్రికావాళ్లు కూడా చాలామంది పోయారట, వాళ్లకు ప్రభుత్వ రికార్డే లేదని తనే రాశాడు. ఈ లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. సింహాల నోట పడిన 28 మంది మీద హాలీవుడ్ మళ్లీ మళ్లీ సినిమాలు తీసింది. మిగిలిన రెండు వేల పైచిలుకు జ్వరాలతో, జబ్బులతో, ప్రమాదాలతో పోయారు. వాళ్ల మీద సినిమా లేదు, ఎందుకంటే వాళ్లను చంపింది రైలు పని. తుపాకీతో కాల్చడానికి అక్కడ జంతువు లేదు, దొర హీరో కాలేడు. ఆ రెండు సింహాలు షికాగో ఫీల్డ్ మ్యూజియంలో అద్దాల వెనక ఇప్పటికీ ఉన్నాయి. 2009లో వాటి ఎముకలు, వెంట్రుకలు పరీక్షించి, అవి తిన్నది దాదాపు 35 మందిని అని శాస్త్రవేత్తలు తేల్చారు. సింహం వెంట్రుకలో దొరికిన లెక్క కూలీల హాజరు పట్టీలో దొరకలేదు.

మన తెలుగువాళ్లకు ఇది పరాయి కథ అనుకోవద్దు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో ‘ట్రూరో’ ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా ఆ నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు లక్షా యాభై వేల మందికి పైగా వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది, వాళ్ల మనవలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. సఫారీ సినిమా చూస్తున్నంతసేపూ మనం దొర భుజం మీది నుంచి చూశాం. మన రక్తం పంచుకున్నవాళ్లు ఆ నేల మీద బరువులు మోసిన వరసలో ఉన్నారని గుర్తుకే రాలేదు.

ఇప్పుడు తెలుగు కెమెరా ఆ నేలకు వెళ్లింది. మసాయ్ మారా గడ్డి మైదానాలు అందంగానే ఉంటాయి, తీయండి. దాంతో పాటు నైరోబీ కూడా తీయండి. 1899లో ఆ కూలీలు వేసిన రైలు డిపోగా మొదలైన ఊరది. ఊరి అంచునే 1946లో ఏర్పడ్డ నేషనల్ పార్క్ ఉంది. అక్కడ నిలబడితే జిరాఫీల వెనక మేడలు కనిపిస్తాయి. 2019 నుంచి పార్కు మీదుగా ఎత్తయిన స్తంభాల మీద కొత్త రైలు పోతోంది, కింద జంతువులు మేస్తున్నాయి. ఏ పాత రీలులోనూ లేని షాట్ అది.