మందు మాన్పించే వ్యాపారానికి చట్టం చలువ

డీ-అడిక్షన్ సెంటర్ పెట్టాలని ఉబలాటపడేవాళ్లు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పేరు వినగానే జడుసుకుంటున్నారు. ఉత్త భయం. విజయవాడలో పెట్టినా హైదరాబాద్‌లో పెట్టినా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీకి దరఖాస్తు, రుసుము కడితే చాలు, పది రోజుల్లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేతికివ్వాలి. ముందుగా విచారణ అక్కర్లేదని సెక్షన్ 66లోనే ఉంది. ఏడాది చెల్లుతుంది. అది రేకుల షెడ్డా, మూతపడ్డ ఫంక్షన్ హాలా అన్నది తర్వాతి సంగతి.

శాశ్వత రిజిస్ట్రేషన్‌కు మాత్రం ప్రమాణాలు చూపాలి. అక్కడా అథారిటీ అభ్యంతరాలు తెలపక, ఉత్తర్వూ ఇవ్వక ఊరుకుంటే రిజిస్ట్రేషన్ ఇచ్చినట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారం అంటారు. మనకు పూర్ణాంగీకారమే.

అసలు రిజిస్ట్రేషనే లేకుండా నడిపి దొరికిపోతే? మొదటిసారి జరిమానా 5 వేల నుంచి 50 వేలు. ఒక్క అడ్మిషన్ ఫీజు వస్తే ఆ 5 వేలు గట్టెక్కినట్టే.

చికాకులూ లేకపోలేదు. గుండు గీయించడం, యూనిఫాం తొడిగించడం, వంటశాలలో చాకిరీ చేయించడం, గొలుసు వేయడం అన్నీ నిషిద్ధమట. వీటినే క్రమశిక్షణ అని బ్రోచర్‌లో వేసుకున్నవాళ్లు ఏమైపోవాలి? అర్ధరాత్రి నలుగురు కుర్రాళ్లను పంపి ఎత్తుకురావడమూ కుదరదు. ఇష్టం లేనివాణ్ని చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు. అయినా మొదట 30 రోజులే.

అన్నిటికన్నా తలనొప్పి తొలి నాలుగు రోజులు. రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆపేస్తే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత చెమటలు, వణుకు, గోడ మీద పురుగులు కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం. దీనికి క్లోర్‌డయాజెపాక్సైడ్ అనే మాత్రలు మొదలుపెట్టి మెల్లగా తగ్గించాలి. థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇచ్చాకే గ్లూకోజు ఎక్కించాలి, లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. మన దగ్గర మాత్రం ‘నీరసానికి’ ముందు గ్లూకోజు బాటిలే. వణికితే నాటకం, అరిస్తే మంచానికి కట్టడం. పోతే రిజిస్టర్‌లో గుండెపోటు.

ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చట, ఫోను మాట్లాడే హక్కూ ఉందట. ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలో ఉన్నాయి కాబట్టి ఆ రెండు సెక్షన్లకూ తాళం ఒకటే సరిపోతుంది. ఇక మూడేళ్లకోసారి ఆడిట్. ఆ రోజుకు ఒక సైకియాట్రిస్టు, పది కొత్త దుప్పట్లు అద్దెకు దొరుకుతాయా అన్నదొక్కటే చూసుకోవాలి.