కారణం తేలకుండానే గని తెరుస్తారా?

చిలీలోని ఎల్ తెనియంతే రాగి గనిలో 2025 జులై 31 సాయంత్రం 4.2 తీవ్రతతో భూమి కంపించి ఆరుగురు కార్మికులు బలయ్యారు. వారిలో ఐదుగురు 900 మీటర్లకు పైగా లోతున, కొత్తగా విస్తరిస్తున్న ఆండెసిటా విభాగంలో చిక్కుకున్నవారే. వాళ్లు ఎక్కడున్నారో పరికరాలు చూపిస్తూనే ఉన్నాయి. అయినా మనుషుల్ని పంపే ధైర్యం లేక, దూరం నుంచి నడిపే యంత్రాలతో సొరంగంలోని బండరాళ్లు తీయాల్సి వచ్చింది. ఆగస్టు 3న ఆఖరి మృతదేహం దొరికింది. పక్షం రోజులు తిరక్కముందే అదే గనిలో మిగతా విభాగాలు తెరిచేశారు!

రాగే చిలీకి ఆధారమని, గని మూతపడితే రోజూ నష్టమేనని, తెరిచిన చోట ప్రమాదం జరగలేదని గనిని నడిపే ప్రభుత్వ సంస్థ కోడెల్కో వాదన. నష్టం నిజమే. కానీ ఆ చోట్లు సురక్షితమని దేన్ని చూసి తేల్చారు? కొండ ఎందుకు కూలిందో అప్పటికి తేలనే లేదు కదా!

ఈ గనిలో వాడే బ్లాక్ కేవింగ్ పద్ధతిలో కొండను అడుగు నుంచి తొలుస్తారు. పైనున్న రాయి తన బరువుకే విరిగిపడుతుంటే కింద ఖనిజం తోడుకుంటారు. అప్పటిదాకా ఆ రాయి మోసిన భారం మాయమైపోదు, పక్కనున్న రాతి మీదకు చేరుతుంది. 1905 నుంచి తవ్వుతున్న ఈ గనిలో సొరంగాలే 4,500 కిలోమీటర్లు దాటాయి. సింగరేణిలో గోఫ్ అని పిలిచేలాంటి కూలిన ఖాళీలు అక్కడ ఎన్నో. వాటి పక్కనే కొత్తది తవ్వితే ఏ భారం ఎటు మళ్లిందో ముందు లెక్క తేలాలి. ఆండెసిటా విషయంలో ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలియనప్పుడు, పొరుగు విభాగాలకు వేసిన లెక్క సరైందని ఎలా నమ్మాలి?

పాత తవ్వకాలు పక్కనుంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 1975 డిసెంబరు 27న చాస్నాలా బొగ్గు గనిలో పాత తవ్వకాల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మందిని మింగేసింది.

మా ఆందోళనంతా ఈ ఆనవాయితీ గురించే. ప్రపంచంలోనే అతిపెద్ద భూగర్భ రాగి గని, అదీ ప్రభుత్వ సంస్థది, విచారణ పూర్తికాకుండానే పని మొదలుపెడితే రేపు ఏ ప్రైవేటు యజమాని ఆగుతాడు? ‘కోడెల్కోకు లేని అడ్డు మాకెందుకు’ అంటే చిలీ ప్రభుత్వం దగ్గర జవాబుంటుందా? కోడెల్కోతో ఒప్పందం చేసుకున్న మన హిందుస్థాన్ కాపర్ అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది ఈ తొందరేనా?

2010లో శాన్ హోసే గని నుంచి 33 మందిని 69 రోజుల తర్వాత బతికించి తెచ్చిన దేశమిది. ఆ ఘటనకు పదిహేనేళ్లు నిండిన వారంలోనే ఆరుగురి అంత్యక్రియలతో పాటు గని తెరిచే కాగితాలూ కదిలాయి. ప్రకంపనల రికార్డులు బయటపెట్టండి. కారణం చెప్పండి. అప్పటిదాకా ఒక్క షిఫ్టును కూడా కిందికి దింపే హక్కు మీకు లేదు.