సవరణ: పెన్‌డ్రైవ్‌లోకి పెళ్లి వీడియో ఎక్కకపోతే

32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉండి కూడా వీడియో కాపీ కాకపోతే పెన్‌డ్రైవ్ పోయినట్టేనని ముందు పోస్టులో రాశాను. అది తప్పు. తిరుచానూరు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయన చెప్పాక మైక్రోసాఫ్ట్ వివరాల్లో సరిచూశాను. అందువల్ల పెన్‌డ్రైవ్ పారేయకండి.

కంప్యూటర్‌కి పెట్టి, పెన్‌డ్రైవ్ గుర్తుమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను దాచే పద్ధతి) ఎదురుగా ఫ్యాట్32 (FAT32) అని ఉంటే, ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్ (exFAT) అనే మరో ఫైల్ సిస్టమ్‌కి ఫార్మాట్ చేస్తే ఆ హద్దు పోతుంది, కానీ లోపలున్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందే వేరేచోట దాచుకోండి. ఇంకో చిక్కు: పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. పలమనేరులో పెద్దమ్మ వాళ్ల టీవీలో ఆడాలంటే ఫ్యాట్32 ఉంచి ఫైలునే తగ్గించడం మేలు.

లెక్క సులువు: బిట్‌రేటును, అంటే సెకను వీడియోకి పట్టే మెగాబిట్లను (ఎంబీపీఎస్), సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఫైలు సైజు ఎంబీల్లో వస్తుంది. 8 ఎంబీపీఎస్‌లో గంట వీడియో దాదాపు 3.6 జీబీ, సరిపోతుంది. 1080పీకి (ఫుల్ హెచ్‌డీకి) ఆ బిట్‌రేటు చాలు. ముహూర్తం, రిసెప్షన్ కలిపి రెండు గంటలైతే రెండు ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైలు రకం ఎంపీ4, వీడియోను కుదించే పద్ధతి (కోడెక్) హెచ్.264 పెట్టండి, హెచ్.265 ఫైలు చిన్నదే గానీ పాత టీవీల్లో బొమ్మ రాకపోవచ్చు.